అంగడి కంప్యూటరును దూరం నుంచి నడిపేవాళ్లకు తలకిందుల సలహాలు

కొండాపురంలో నాయన అంగడి, బెంగుళూరులో పిల్లల ఉద్యోగాలు. జమ్మలమడుగు, ముద్దనూరు, పులివెందుల చుట్టుపక్కల ఇప్పుడు చాలా ఇళ్ల పరిస్థితి ఇదే. అంగడంటే నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ కావచ్చు, చీనీకాయల మండీ కావచ్చు, ఎరువుల దుకాణం కావచ్చు. అందులో ఒక కంప్యూటరు, దాంట్లో లెక్కలకు ట్యాలీ, ఎక్సెల్, పక్కన ప్రింటరు, ఒక గుమాస్తా. ఏదో ఒక రాత్రి బెంగుళూరులో ఉన్న కొడుక్కో కూతురికో ఒక ఆలోచన వస్తుంది. ఆ కంప్యూటరును ఇక్కడి నుంచే నడిపితే ఏం? బిల్లులు ఎక్కించే పనికి ఒక స్క్రిప్టు రాసి పెడితే నాయనకు పొద్దుపోయేదాకా అంగట్లో కూర్చునే బాధ తప్పుతుంది కదా?

చెయ్యండి, మంచి ఆలోచనే. అయితే ఈ పని మొదలుపెట్టినవాళ్లకు దొరికే సలహాలన్నీ ఒకే దోవలో పోతుంటాయి. మనిషి చెయ్యి పడకూడదు. ఎప్పుడైనా ఎక్కడి నుంచైనా లోపలికి పోగలగాలి. ఎర్రరు వచ్చినా ఆగకూడదు. కరెంటు పోయి వస్తే దానంతటదే లేవాలి. నిమిషంలో అయిపోవాలి. నేను చెప్పబోయేది ప్రతి మాటలోనూ దీనికి ఎదురు. పాతకాలపు మొండితనంగా అనిపిస్తే అనిపించనీ. ఈ పక్క అంగళ్లలో కంప్యూటర్లు ఏ తీరులో ఉంటాయో, వాటి ముందు ఎవరు కూర్చుంటారో చూసే చెబుతున్నాను.

నడపడం తర్వాత, ముందు ఆపడం రాయండి

స్క్రిప్టులో మొట్టమొదటి లైన్లు పనికోసం రాయకండి, ఆగడం కోసం రాయండి. అంగట్లో కూర్చున్న మనిషి, కంప్యూటరు అంతగా తెలియని మనిషి, ఎవరినీ అడక్కుండా దాన్ని ఆపగలగాలి. నాయన ఫోను చేసే వేళకు మీరు మీటింగులో ఉంటారు. మీరు ఫోను ఎత్తేలోపు తప్పు బిల్లులు ఎన్ని ఎక్కుతాయో ఆలోచించండి.

దీనికి పెద్ద విద్య అక్కర్లేదు. స్క్రిప్టు ఉన్న ఫోల్డరులో ఫలానా పేరుతో ఒక ఖాళీ ఫైలు కనిపిస్తే పని మానేయాలని రాయండి. ఒక్కో బిల్లు ముట్టుకునే ముందు స్క్రిప్టు ఆ ఫైలు కోసం చూస్తుంది. ఉంటే ఆగిపోతుంది. డెస్క్‌టాప్ మీద ఎర్ర బొమ్మ ఒకటి పెట్టి, దాన్ని రెండుసార్లు నొక్కితే ఆ ఫైలు పుట్టేటట్టు చేయండి. ఒక్క లైను బ్యాచ్ ఫైలు చాలు. ఫైలు పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచండి, బ్యాచ్ ఫైళ్లలో తెలుగు అక్షరాలు ఒక్కోసారి చిక్కు తెస్తాయి. బొమ్మ కింద కనిపించే పేరు ‘ఆపు’ అని తెలుగులో ఉండాలి. ఇక ఆ ఫైలును తీసేయడానికి బొమ్మ పెట్టకండి. ఫోల్డరు తెరిచి, ఎందుకు ఆగిందో చదివి, చేత్తో తీసేయాలి. ఆపడం సులువుగా, మళ్లీ మొదలుపెట్టడం కష్టంగా ఉండాలి. ఆ తేడా కావాలనే ఉంచండి.

పైథాన్‌లో మౌసును నడిపించే పైఆటోగుయ్‌లో, మౌసును తెర మూలకు లాగితే స్క్రిప్టు ఆగిపోయే ఏర్పాటు ముందే ఉంది. అడ్డం వస్తోందని చాలామంది దాన్ని ఒక్క లైనుతో తీసేస్తారు. తీయకండి. అట్లాగే ఎర్రరు వచ్చినా పట్టించుకోకుండా ముందుకు పొమ్మనే లైన్లు ఉంటాయి, పైథాన్‌లో ‘ఎక్సెప్ట్’ కింద ‘పాస్’, ఎక్సెల్ మాక్రోలు రాసే వీబీఏలో ‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’. డబ్బు లెక్కలు ముట్టుకునే స్క్రిప్టులో ఇవి కనిపిస్తే కొట్టేయండి. పార్టీ పేరు దొరక్కపోతే ఆగాలి. ఎప్పుడూ చూడని విండో తెరుచుకుంటే ఆగాలి. నిన్నటి ముగింపు నిల్వకు, ఈ రోజు ప్రారంభ నిల్వకు పొంతన లేకపోతే ఆగాలి. రోజుకు నాలుగుసార్లు ఆగి మిమ్మల్ని విసిగించే స్క్రిప్టు మంచిది.

ఆపే ఏర్పాటు ముందే లేకపోతే ఏమవుతుందో చూడండి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. నీళ్లకు అడ్డంగా దించే స్టాప్‌లాగ్ పలకలు అప్పటికప్పుడు తయారు చేయించుకోవాల్సి వచ్చింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు దగ్గరుండి పారే నీళ్లలోనే వాటిని దింపించేసరికి వారం పట్టింది. అంతలో రాయలసీమకు రావాల్సిన నీళ్లు ఎన్ని వదులుకున్నామో రైతులకు తెలుసు. గండికోట జలాశయం నీళ్లు ఊళ్ల మీదికి వచ్చిన కొండాపురం మండలం వాళ్లకు గేటు విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. ఎత్తే యంత్రం గురించి ఆలోచించిన రోజే, అది పని చేయకపోతే దించే అడ్డం గురించి కూడా ఆలోచించాలి.

స్క్రిప్టుకు మౌసు పట్టడం నేర్పకండి

చూడ్డానికి అన్నిటికన్నా ముచ్చటైన పద్ధతి ఇదే. మీరు ఎక్కడెక్కడ నొక్కారో గుర్తుపెట్టుకుని మళ్లీ అక్కడక్కడే నొక్కడం. ఆటోహాట్‌కీతో చేయొచ్చు. 2021 మార్చిలో మైక్రోసాఫ్ట్ విండోస్ 10 వాళ్లకు ఉచితంగా ఇచ్చిన పవర్ ఆటోమేట్ డెస్క్‌టాప్‌తోనూ చేయొచ్చు. బాణం దానంతటది కదిలి, బటన్లు నొక్కుతూ పోతుంటే ఇంట్లో అందరూ గుమిగూడి చూస్తారు. లెక్కల పనికి మాత్రం దీన్ని వాడకండి.

నాయనకు చూపు ఆనక తెర మీది అక్షరాలు పెద్దవి చేసుకుంటాడు. స్కేలింగు 100 నుంచి 125 అవుతుంది. ‘సేవ్’ ఉండే చోటికి మరో బటను వస్తుంది. స్క్రిప్టుకు చూపు లేదు, చెప్పిన చోటే నొక్కుతుంది. కీబోర్డుదీ ఇదే కథ. గుమాస్తా తెలుగులో ఒక లెటరు టైపు చేసి, భాష మార్చకుండా అట్లే వదిలి భోజనానికి పోతాడు. కీలు నొక్కే స్క్రిప్టు ఆ వేళకు మొదలవుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ‘హెచ్’ కింద ‘ప’ ఉంటుంది, ‘ఎల్’ కింద ‘త’ ఉంటుంది, ‘ఏ’ కింద ఓత్వం ఉంటుంది. ఇంగ్లీషులో పార్టీ పేరు వెతకాల్సిన పెట్టెలో గుణింతాలు చెదిరిన తెలుగు పడుతుంది. ట్యాలీకి ఆ పేరు దొరకదు. దాన్ని కొత్త లెడ్జరుగా తెరిచేటట్టు మీరు రాసి ఉంటే, సాయంత్రానికి ఆ పేరుతో ఒక ఖాతా పుట్టి ఉంటుంది, దానికి బాకీ కూడా ఉంటుంది.

దూరం నుంచి నడిపేవాళ్లకు ఇంకో గుంట ఉంది, చాలామందికి దాంట్లో పడ్డాకే తెలుస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్‌తో లోపలికి పోయి, స్క్రిప్టు మొదలుపెట్టి, ఆ విండో మూసేసి పడుకుంటారు. కనెక్షను తెగిన క్షణం నుంచి ఆ సెషన్‌కు తెర ఉండదు. తెర లేనప్పుడు మౌసు నొక్కే చోటే లేదు, పని అక్కడే నిలిచిపోతుంది. ‘టీఎస్‌కాన్’ అనే కమాండుతో సెషన్‌ను అంగట్లోని మానిటరుకు మళ్లించే ఉపాయం ఒకటి చెబుతారు. పని చేస్తుంది కూడా. కాకపోతే తాళం వేయని తెర రాత్రంతా అంగట్లో తెరిచి ఉంటుంది. టాస్క్ షెడ్యూలరులో ‘యూజరు లాగిన్ అయినా కాకపోయినా నడుపు’ అని పెడితే అదీ అంతే. విస్టా కాలం నుంచి విండోస్‌లో సర్వీసులకు వేరే గది, మనుషులకు వేరే గది, అక్కడ తెరిచిన ట్యాలీ ఎవరికీ కనపడదు. ట్యాలీని అడ్మినిస్ట్రేటరుగా తెరిచి స్క్రిప్టును మామూలుగా నడిపితే, స్క్రిప్టు నొక్కే కీలు ట్యాలీ దాకా చేరనే చేరవు. విండోస్ వాటిని అడ్డుకుంటుంది, ఎర్రరు కూడా చెప్పదు.

మరి ఏం చేయాలి? తెరను వదిలి నేరుగా ప్రోగ్రాముతోనే మాట్లాడాలి. ట్యాలీప్రైమ్‌లో ఎఫ్1 నొక్కి సెట్టింగ్స్‌లో కనెక్టివిటీకి పోతే క్లయింటు, సర్వరు అమరిక కనిపిస్తుంది. అక్కడ పోర్టు 9000 ఉంచి సర్వరుగా పని చేయమంటే, ట్యాలీ ఆ పోర్టు దగ్గర ఎక్స్‌ఎంఎల్ అందుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. మీరు ఒక ఓచరును ఎక్స్‌ఎంఎల్‌గా పంపితే, కొత్తగా ఎన్ని ఎక్కాయి, ఎన్ని మారాయి, ఎన్ని తప్పాయి అని అంకెల్లో జవాబు ఇస్తుంది. అక్షరాలు పెద్దవైనా, కీబోర్డు తెలుగులో ఉన్నా దీనికి పట్టదు. అడిగేది ఎవరని ఆ పోర్టు ఆరా తీయదు కాబట్టి దాన్ని ఆ కంప్యూటరు గడప దాటనివ్వకండి. స్క్రిప్టు అదే కంప్యూటరులో ఉండాలి.

ఎక్సెల్‌తోనూ ఇట్లాగే కామ్ అనే పద్ధతిలో మాట్లాడొచ్చు. ఇక్కడ అందరూ చెప్పేది, ఎక్సెల్‌ను కనపడకుండా తెరిచి పని చేయించమని. నేను కనపడేటట్టే తెరవమంటాను. కనపడకుండా తెరిచిన ఎక్సెల్ ఏదో ప్రశ్న అడిగి, జవాబు కోసం తెర వెనక తెల్లవార్లూ కాచుకుని ఉంటుంది. ఫైలుకు తాళం పడి గుమాస్తా పొద్దున తెరవలేకపోతాడు. మనిషి లేనిచోట ఆఫీసు ప్రోగ్రాములను ఇట్లా నడపొద్దని మైక్రోసాఫ్ట్ కూడా చెబుతుంది. లెక్కల ఫైలు చదవడమే పనైతే ఎక్సెల్‌ను లేపకుండా పైథాన్‌లోని ఓపెన్‌పైఎక్సెల్‌తో నేరుగా చదవండి. లిబ్రే ఆఫీసు వాడేవాళ్లయితే దాన్ని తెర లేకుండా నడపడానికి సొంత దారి ఉంది, అది ఇంకా నిమ్మళం.

తలుపు వేసే ఉంచండి

మీకు కావాలనిపించినప్పుడల్లా లోపలికి పోయే శాశ్వత పాస్‌వర్డు పెట్టుకోకండి. అవతల మనిషి ‘ఒప్పుకో’ అని నొక్కితేనే మీకు తెర కనపడాలి. రాత్రి రెండింటికి మీరు లోపలికి పోలేకపోతే మంచిదే, రాత్రి రెండింటికి ఎవరూ పోలేరు.

2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు దూరం నుంచి తెరను నడిపే ఎనీడెస్క్ యాప్ పేరు పెట్టి మరీ బ్యాంకులను హెచ్చరించింది. మోసగాళ్లు ఫోను చేసి యాప్ వేయించి, తెర మీద వచ్చిన 9 అంకెల నెంబరు చదివించుకుని, దాంతో లోపలికి దూరి ఖాతా ఊడ్చేస్తున్నారని. యాప్‌లో దోషం లేదు. నెంబరు చదివి చెప్పే అలవాటులో ఉంది. కొడుకు అడిగినప్పుడల్లా నెంబరు చదివి చెప్పడం అలవాటైన నాయన, ‘బ్యాంకు నుంచి సార్, కేవైసీ’ అన్నవాడికీ చదివి చెబుతాడు. కాబట్టి నాయన చేత ఒక్కసారి కూడా నెంబరు చదివించకండి. మీరు ఊరికి పోయినప్పుడే దాన్ని మీ దగ్గర రాసి పెట్టుకోండి. ఆయన చేయాల్సిందల్లా మీ పేరు చూసి ఒప్పుకోవడం. అప్పుడు ఇంట్లో ఒకే మాట చెప్పొచ్చు: నెంబరు చదవమన్నవాడు ఎవడైనా దొంగే. ఆ మాట పక్కనే 1930 అని రాసి గోడకు అంటించండి. డబ్బు పోయిన వెంటనే ఫోను చేయాల్సిన సైబర్ నేరాల నెంబరు అది. బ్యాంకు పని ఆ కంప్యూటరులో పెట్టుకోకండి.

రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ను రౌటరులో బయటికి తెరవమని ఎవరైనా చెబితే వినకండి. 2019 మేలో అందులోనే బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు, ఎప్పుడో వదిలేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మరమ్మతు ఇవ్వాల్సి వచ్చింది. దానికి రెండేళ్ల ముందు, 2017 మేలో, వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాత పడ్డాయి. అది వేరే దారిన వచ్చినా, కారణం మాత్రం మరమ్మతు వేయకపోవడమే. మన అంగళ్లలో ఇప్పటికీ విండోస్ 7 కనపడుతుంది, దానికి 2020 జనవరితోనే మద్దతు ఆగిపోయింది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ఆగింది. అట్లాంటి కంప్యూటరును వీధిలోకి తెరిచి పెట్టడం ఎంత తప్పో వేరే చెప్పాలా? మీ రెండు కంప్యూటర్లకే పరిమితమైన ప్రైవేటు దారి వేసే టెయిల్‌స్కేల్ లాంటివి ఉన్నాయి. సెల్‌ఫోను డేటా మీద నడిచే అంగడికి కూడా అవి పనికొస్తాయి.

వేగం తగ్గించండి

రెండు వందల బిల్లులు అరనిమిషంలో ఎక్కించగలిగినా ఎక్కించకండి. ఒకటి పంపండి, ఎక్కిందా అని ట్యాలీనే తిరిగి అడగండి, మొత్తం సరిపోయిందా చూడండి, ఆ తర్వాతే రెండోది. పంపే ముందు అదే బిల్లు నెంబరు లోపల ఉందేమో అడగడం మరవకండి. ట్యాలీ మధ్యలో బిగుసుకుపోతే, జవాబు రాలేదని స్క్రిప్టు అదే బిల్లును మళ్లీ పంపుతుంది. మొదటిది ఎక్కే ఉంటుంది.

ఊరి పేరును నమ్మకండి

ఈ సలహా మన ప్రాంతానికే ప్రత్యేకం, దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను. స్క్రిప్టు పార్టీని పేరుతో వెతుకుతుంది, ఒకే పేరు ఇద్దరికి ఉంటే ఊరితో తేల్చుకుంటుంది. అది తెలివైన పనిలా కనపడుతుంది. కొండాపురం అని వెతికి చూడండి. కడప జిల్లాలో మన కొండాపురం ఉంది, నెల్లూరు జిల్లాలో ఇంకో కొండాపురం మండలం ఉంది. చీనీకాయలకు, ఎరువులకు రెండు పక్కలా లావాదేవీలు ఉన్న మండీలో రెండు పేర్లూ ఒకే పుస్తకంలో ఉండొచ్చు. బంగారం, గుడ్డల వ్యాపారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరు అని వెతకండి. మన మండలంలోని తాళ్ళప్రొద్దుటూరు కూడా వలలో పడుతుంది, ఎందుకంటే ఆ పేరులో ఈ పేరు మొత్తంగా ఉంది. పేరులో ‘ఉందా’ అని అడిగే స్క్రిప్టుకు రెండూ ఒకటే. తాళ్ళప్రొద్దుటూరు రైతు కట్టిన బాకీ ప్రొద్దుటూరు వ్యాపారి ఖాతాలో పడితే, ఆ రైతు దగ్గర మళ్లీ బాకీ అడుగుతారు. అదీ కంప్యూటరు కాగితం చూపించి అడుగుతారు. ఆయన దగ్గర చీటీ లేకపోతే ఏం చెబుతాడు?

పైగా 2020లో గండికోట జలాశయంలో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు ఖాళీ అయింది. మనుషులు పునరావాస కాలనీలకు, బంధువుల ఊళ్లకు పోయారు. పుస్తకాల్లో మాత్రం పాత ఊరే ఉంది. జిల్లా పేరు చూద్దామంటే అదీ నిలకడగా లేదు. ఇంగ్లీషులో కడప రాసే తీరు 2005లో మారింది, 2010లో వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప జిల్లా అయింది. పాత లెడ్జర్లలో ఇవన్నీ కలగలిసి ఉంటాయి.

అందుకే జీఎస్టీ ఉన్న పార్టీకి జీఎస్టీ నెంబరుతోనే వెతకండి. అందులో 15 అక్షరాలు ఉంటాయి, మొదటి రెండు రాష్ట్రానివి, మనకు 37, తెలంగాణకు 36, కర్ణాటకకు 29. చివరి అక్షరం మిగతా వాటినుంచి లెక్కగట్టి వచ్చేది కాబట్టి టైపులో తప్పు పడితే స్క్రిప్టే పట్టుకోగలదు. జీఎస్టీ లేని రైతులకు మీరే ఒక నెంబరు ఇవ్వండి. ఇంటిపేరు ఒకటే, పేరు ఒకటే, ఊరు ఒకటే ఉన్నవాళ్లు ప్రతి పల్లెలో ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. ఎవరి నెంబరు ఎవరిదో గుమాస్తా, నాయన కూర్చుని ఖాయం చేయాలి. ఈ పని విసుగు. స్క్రిప్టు రాయడం కన్నా దీనికే ఎక్కువ కాలం పడుతుంది. ఇది చేయడానికి ఓపిక లేకపోతే స్క్రిప్టు ఊసే ఎత్తకండి.

చివరి బటను మనిషికి వదలండి

నాపరాళ్ల లోడు బెంగుళూరుకు పోవాలి. సరుకు విలువ 50,000 దాటింది కాబట్టి ఈ-వే బిల్లు కావాలి. బిల్లు వివరాలు, బరువు, జీఎస్టీ నెంబర్లు సర్ది జేసన్ ఫైలు తయారుచేసే దాకా స్క్రిప్టు చేయనీ. దాన్ని పోర్టల్లో ఎక్కించేది, ఓటీపీ కొట్టేది, ఆఖరి బటను నొక్కేది లారీ పక్కన నిలబడి నెంబరు ప్లేటు చూడగలిగిన మనిషి. పాత లారీలకు మన జిల్లా గుర్తు ఏపీ 04 ఉంటుంది, 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. అలవాటు కొద్దీ 04 అని నింపే స్క్రిప్టును నేను నమ్మను. ఈ-వే బిల్లును రద్దు చేసుకోవడానికి 24 గంటలే గడువు. దారిలో అధికారి తనిఖీ చేశాడంటే ఆ గడువు కూడా లేదు. 2021 జనవరి నుంచి రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన కాలపరిమితి ఇస్తున్నారు కాబట్టి దూరం తప్పు పడినా దారిలో ఇబ్బందే. తనిఖీలో ఆ ఇబ్బంది పడేది డ్రైవరు. స్క్రిప్టు రాసినవాడు అక్కడ ఉండడు.

అవతల ఉన్నది మనిషేనా అని తేల్చుకోవడానికి పెట్టే క్యాప్చాను, ఓటీపీని దాటించే స్క్రిప్టులు రాయకండి. కొండాపురంలో రైల్వే స్టేషను ఉంది, తత్కాల్ టికెట్లకు గిరాకీ ఉంది, ‘అన్నా, ఒక స్క్రిప్టు రాసియ్యి’ అని ఇంటర్నెట్ సెంటరు పిల్లలు అడుగుతారు. రాయనని చెప్పండి. అనుమతి లేకుండా టికెట్ల వ్యాపారం చేస్తే 1989 రైల్వే చట్టం 143వ సెక్షను కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. 2025 జులై నుంచి తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ కూడా పెట్టారు. పండక్కి ఇంటికి రావాలని వరసలో ఉన్న కూలీ టికెట్టును లాక్కునే పని అది.

కరెంటు వచ్చాక లేవనివ్వకండి

కంప్యూటరు లేస్తే లేవనీ, స్క్రిప్టు లేవకూడదు. కరెంటు పోయినప్పుడు ఏ బిల్లు సగంలో ఉందో, ట్యాలీలో ఏ కంపెనీ తెరిచి ఉందో దానికి తెలియదు. రెండు సంస్థల లెక్కలు ఒకే కంప్యూటరులో ఉన్న అంగళ్లు మన దగ్గర తక్కువేం కాదు. మనిషి వచ్చి, కంపెనీ పేరు చూసి, చివరి బిల్లు చూసి, అప్పుడు మొదలుపెట్టాలి.

రాత్రంతా నడిచే పని అసలే పెట్టుకోకండి. పాలిష్ ఫ్యాక్టరీలో కంప్యూటరు డబ్బా విప్పి చూడండి. ఫ్యాను రెక్కల మీద నాపరాయి పొడి, దాని మీద వానాకాలపు చెమ్మ కలిసి బూడిదరంగు పూతలా గట్టిపడి ఉంటుంది. గోటితో గీరినా రాదు. రేకుల కప్పు కింద మే నెల ఎండలో ఆ ఫ్యాను ఏం చల్లబరుస్తుంది? వేడికి కంప్యూటరు దానంతటదే ఆగిపోతుంది, మీరు బెంగుళూరులో కూర్చుని నెట్టు పోయిందనుకుంటారు. నెలకోసారి పొడి దులిపించడం, యూపీఎస్ బ్యాటరీ మార్పించడం స్క్రిప్టు కన్నా ముందు చేయాల్సిన ఖర్చు.

గుమాస్తాను పక్కన పెట్టకండి

స్క్రిప్టు ఎట్లా నడవాలో చెప్పాల్సింది ఆయనే. పైథాన్ రాకపోయినా ఫరవాలేదు, ఏ పార్టీకి ఏ రేటు, ఎవరికి ఎన్నాళ్ల గడువు, ఎవరి చెక్కు ఎప్పుడు వేయాలి అన్నది ఆయనకే తెలుసు. మొదట ఆయన చేత్తో చేసే పనిని పక్కన కూర్చుని కాగితం మీద రాసుకోండి. ‘ఇక్కడ నేనొకసారి ఆలోచిస్తా’ అని ఆయన అన్న ప్రతి చోటా స్క్రిప్టు ఆగి ఆయన్ను అడగాలి. రోజు ముగిశాక ఎన్ని బిల్లులు ఎక్కాయి, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది తెలుగులో ఒక పేజీ ప్రింటు రావాలి. ఇంగ్లీషులో వచ్చే ఎర్రరు లైన్లు మీకు పనికొస్తాయి, అంగట్లో వాళ్లకు పనికిరావు. స్క్రిప్టు వచ్చింది కాబట్టి ఆయన్ను మానిపించి జీతం మిగుల్చుకుందామనుకునే యజమానులకు ఒక మాట చెబుతున్నాను. స్క్రిప్టు తప్పు చేసిన రోజు ఆ తప్పును చూసి పట్టుకోగలిగిన మనిషి అంగట్లో ఆయనొక్కడే.

ఈసారి ఊరికి పోయినప్పుడు మీరు రాసిన స్క్రిప్టును కాగితం మీద ప్రింటు తీయండి. ప్రతి భాగం పక్కన అది ఏం చేస్తుందో తెలుగులో పెన్నుతో రాయండి. ఒక ప్రతి గుమాస్తాకు, ఒకటి నాయనకు ఇచ్చి రండి. పాస్‌వర్డులు మాత్రం అందులో ఉండకూడదు.